డౌన్‌లోడ్ ఆపింది ఎవరు?

ఇంట్లో ఒక్కరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరితే చాలు, చుట్టాలందరికీ ఉచిత కస్టమర్ కేర్ దొరికినట్టే. గచ్చిబౌలి ఆఫీసులో నేను రాసేది సర్వర్ల వెనకాల నడిచే కోడ్. ఆ సంగతి మా వాళ్లకి అక్కర్లేదు. ప్రింటర్ కదలకపోయినా, టీవీలో యూట్యూబ్ రాకపోయినా, గ్యాస్ బుకింగ్ ఓటీపీ ఆలస్యమైనా ఫోన్ నాకే వస్తుంది. అన్నిటికంటే ఎక్కువసార్లు వినే కంప్లయింట్ మాత్రం ఒకటుంది: "డౌన్‌లోడ్ అవ్వట్లేదు."

"స్క్రీన్ మీద ఏం రాసుంది?" అని అడుగుతా.

"ఏదో వచ్చింది, ఎర్రగా. తీసేశా."

నాకు కావాల్సిన సమాధానం ఆ "ఏదో"లోనే ఉంటుంది. మనవాళ్లు దాన్ని చదవకుండానే తీసేస్తారు. తర్వాత ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "యాంటీవైరస్ ఆపేసి చూడు", "సెక్యూరిటీ మొత్తం ఆఫ్ చెయ్యి, అదే వస్తుంది". నిజంగానే ఒక్కోసారి వస్తుంది కూడా. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

మనం లింకు నొక్కిన క్షణం నుంచి ఫైలు మన ఫోల్డర్లో పడేదాకా దారిలో ఒక్క కాపలాదారు కాదు, చాలామంది ఉంటారు. అవతల సర్వర్ ఇస్తానని ఒప్పుకోవాలి. మధ్యలో కనెక్షన్ తెగకూడదు. బ్రౌజర్ సరేననాలి. ప్రమాదకరమైన సైట్ల జాబితాలో ఆ లింకు ఉండకూడదు. యాంటీవైరస్ వాసన చూసి వదలాలి. చివర్లో విండోసో ఆండ్రాయిడో తలుపు తీయాలి. వీళ్లలో ఎవరు ఆపినా మనకి కనిపించేది ఒక్కటే, ఫైలు రాలేదు. కానీ ఒక్కొక్కరు ఆపే కారణం వేరు, చెప్పే మాట వేరు. ఆపింది ఎవరో తెలియకుండా అందరినీ ఇంటికి పంపేస్తే, ఆ రోజుకి ఫైలు వస్తుంది. మరుసటి రోజు నుంచి ఇల్లు తెరిచే ఉంటుంది.

ఏమీ రానిది, ఏదో వచ్చినది

పోయినేడాది మా పిన్ని కొడుక్కి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సీటొచ్చింది. అలాట్‌మెంట్ ఆర్డర్ ప్రింట్ తీసుకుని కాలేజీలో రిపోర్ట్ చెయ్యాలి. చివరి రోజు మధ్యాహ్నం నెట్ సెంటర్ నుంచి ఫోన్.

"అక్కా, డౌన్‌లోడ్ బటన్ నొక్కుతుంటే ఏమీ అవ్వట్లేదు. సైట్ బిజీగా ఉంది, సాయంత్రం రమ్మంటున్నారు ఇక్కడ."

సాయంత్రానికి కాలేజీ ఆఫీసు మూసేస్తారు. "అడ్రస్ బార్ కుడి చివర చూడు, చిన్న గుర్తేమైనా వచ్చిందా?" అన్నా. వచ్చింది. పాప్-అప్ బ్లాక్ అయిందని.

చాలా సైట్లలో డౌన్‌లోడ్ బటన్ నొక్కితే ముందు ఒక కొత్త కిటికీ తెరుచుకుని, అందులో ఫైలు వస్తుంది. ఒకప్పుడు యాడ్ల వాళ్లు ఇలాంటి కిటికీలతోనే మన ప్రాణం తీశారు కాబట్టి, మన నొక్కుడుతో నేరుగా సంబంధం లేదనిపించిన కిటికీలని బ్రౌజర్ తెరవనివ్వదు. పెద్దగా అరవదు కూడా. మూలన చిన్న గుర్తు పెట్టి ఊరుకుంటుంది. ఫోన్లో అయితే ఒక పట్టీ కనిపించి కాసేపటికి మాయమవుతుంది. ఆ గుర్తు మీద నొక్కి, ఆ ఒక్క సైటుకి అనుమతి ఇవ్వమన్నా. మళ్లీ బటన్ నొక్కాడు. ఫైలు వచ్చింది.

"వచ్చింది అక్కా... కానీ ఓపెన్ అవ్వట్లేదు."

"సైజు ఎంతుంది?"

"6 కేబీ."

ఆర్డర్ కాపీ అంత చిన్నగా ఉండటం అనుమానమే. వీడు అరగంట నుంచి అదే పేజీ మీద కూర్చున్నాడు, ఈలోపు లాగిన్ గడువు అయిపోయింది. సర్వర్ "మళ్లీ లాగిన్ అవ్వు" అనే పేజీని పంపిస్తే, బ్రౌజర్ పాపం దాన్నే పీడీఎఫ్ పేరుతో దాచింది. అలాంటి ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట్లోనే హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తుంది. లాగౌట్, లాగిన్, డౌన్‌లోడ్. ఈసారి అసలు ఆర్డర్ వచ్చింది. కాలేజీకి ఆటోలో పరుగెత్తి, మూసే ముందు చేరాడు.

ఆ రోజు వాడికి అడ్డం పడింది వైరస్ కాదు, నెట్ స్లో కాదు. ఒక పాప్-అప్, ఒక గడువు తీరిన లాగిన్. యాంటీవైరస్ ఆపేసినా, ఫార్మాట్ కొట్టినా ఈ రెండూ కదిలేవి కాదు.

దీనికి తమ్ముడి లాంటిదే ఇంకోటుంది. మా అమ్మ ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి "బ్లాక్ అయింది" అంటుంది. అది వచ్చింది, పాస్‌వర్డ్ అడుగుతోంది అంతే. ఇంగ్లీషులో పేరులోని మొదటి 4 అక్షరాలు పెద్దబడిలో, పక్కనే పుట్టిన సంవత్సరం. అడ్డంగా నిలబడ్డది కాపలాదారు కాదు, తాళం. తాళంచెవి మన దగ్గరే ఉంది.

తాళం లేని పోస్టు డబ్బా

ఇంకో రకం నా ఫ్రెండ్‌కి ఎదురైంది. వాళ్ల చెల్లికి హాస్టల్ దరఖాస్తు ఫారం కావాలి. నొక్కగానే "ఇన్‌సెక్యూర్ డౌన్‌లోడ్ బ్లాక్‌డ్" అని క్రోమ్ చెప్పింది. "అంటే ఆ ఫారంలో వైరస్ ఉందా?" అని భయపడుతూ అడిగింది.

ఈ మాట ఫైలు గురించి కాదు, అది వచ్చే దారి గురించి. సైటు అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతే మనకీ సర్వర్‌కీ మధ్య సమాచారం తాళం వేసిన పెట్టెలో వెళ్తుంది. చివర ఆ ఎస్ లేకపోతే పోస్టుకార్డు మీద వెళ్లినట్టు. మధ్యలో ఎవరైనా చదవచ్చు. అంతకంటే ప్రమాదం, మార్చేయచ్చు కూడా. ఊరూపేరూ లేని ఉచిత వైఫైలో మీరు అడిగిన ఫైలు బదులు ఇంకో ఫైలు చేతిలో పెట్టినా మీకు తెలియదు. కొన్ని సైట్లలో పేజీకి తాళం ఉంటుంది, లోపలి డౌన్‌లోడ్ లింకు మాత్రం ఎప్పటిదో పాతది. పై తాళం చూసి మనం నమ్ముతాం, ఫైలు వచ్చేది దొడ్డిదారిన.

ఇలాంటి వాటిని దశలవారీగా ఆపేస్తామని 2020 ఫిబ్రవరిలో గూగుల్ ప్రకటించింది. ముందు ఈఎక్స్‌ఈ, ఏపీకే లాంటి ప్రోగ్రాములు, తర్వాత జిప్‌లు, ఆ తర్వాత పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లు, చివరికి ఫొటోలు, వీడియోలు. ఆ వరస చూస్తేనే ఏది ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

ఫ్రెండ్‌కి ఒకటే చెప్పా. లింకుని కాపీ చేసి, అడ్రస్ బార్‌లో హెచ్‌టీటీపీ పక్కన ఒక ఎస్ చేర్చి చూడు. చాలాసార్లు సర్వర్ రెండు దారుల్లోనూ ఇస్తుంది, లింకు రాసినవాళ్లే మార్చడం మర్చిపోయి ఉంటారు. ఈసారీ అదే అయింది. ఫారం వచ్చాక ఆ సైటు చూసుకునే ఆయనకి ఫోన్ చేసి విషయం చెప్పింది. "వేరే బ్రౌజర్ వాడమని చెప్పండి మేడమ్, అందరికీ అదే చెప్తున్నాం" అన్నాడట. ఒక్క అక్షరం మార్చాల్సిన పనికి, వందలమంది పిల్లల్ని కాపలా లేని గేటు వెతుక్కోమంటున్నాడు.

పైగా బ్రౌజర్ మార్చినంత మాత్రాన అన్నీ మారవు. ప్రమాదకరమైన సైట్ల జాబితా కోసం క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ గూగుల్ సేఫ్ బ్రౌజింగ్‌ని వాడుకుంటాయి. ఎడ్జ్‌కి మైక్రోసాఫ్ట్ వాళ్ల స్మార్ట్‌స్క్రీన్ ఉంది. ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెప్తున్నారంటే, నాలుగో మనిషి కోసం వెతికే ముందు ఒకసారి ఆలోచించాలి.

నా ఫైలుకే అనుమానం

సత్తెనపల్లిలో మా నాన్నకి ఎరువుల కొట్టుంది. అప్పు ఖాతాలు రాసుకోడానికి రెండు వీకెండ్లు కూర్చుని నేనే ఒక చిన్న ప్రోగ్రాం రాశా. ఎవరి దగ్గర ఎంత రావాలి, ఏ పంటకి ఇస్తామన్నారు, అంతే. లింకు పంపించా. నాన్న నొక్కారు.

"ఇది జనం ఎక్కువగా డౌన్‌లోడ్ చేసుకునే ఫైలు కాదు, ప్రమాదం కావచ్చు అంటోందమ్మా."

నిజం చెప్పద్దూ, చిన్నగా మనసు చివుక్కుమంది. ప్రతి లైనూ నా చేత్తో రాశా, అందులో ప్రమాదం ఏముంటుంది? సరే, ఉంచుకోండి అని నొక్కమన్నా. తెరవబోతే ఈసారి విండోస్ నీలం తెర వేసింది: మీ కంప్యూటర్‌ని కాపాడాం, ఈ ప్రోగ్రాం తయారుచేసింది ఎవరో తెలియదు.

అప్పుడు నాన్న అడిగారు: "నువ్వు పంపిందేనని దానికెలా తెలుస్తుంది?"

నాలుగేళ్ల బీటెక్‌లో నన్నెవరూ అడగని ప్రశ్న అది. అవును, ఎలా తెలుస్తుంది? ప్రపంచంలో ఆ ఫైలు ఉన్నది రెండే కంప్యూటర్లలో. బ్రౌజర్ చూసేది ఫైలు ఏ అడ్రస్ నుంచి వచ్చింది, దాని డిజిటల్ వేలిముద్ర ఇంతకుముందు ఎక్కడైనా కనిపించిందా, తయారుచేసినవాళ్ల సంతకం ఉందా అని. పెద్ద కంపెనీలు డబ్బు కట్టి సర్టిఫికెట్ తీసుకుని ప్రోగ్రాం మీద ఆ డిజిటల్ సంతకం పెడతాయి. నా ఎరువుల ఖాతాకి అదేం లేదు. అంటే అక్కడ బ్రౌజర్ నన్ను దొంగ అనలేదు. "నువ్వెవరో నాకు తెలియదు" అంది. ఆ రెండు మాటలకీ చాలా తేడా ఉంది.

ఇంకో సంగతి. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలు మీద విండోస్ కంటికి కనపడని ఒక చీటీ అంటిస్తుంది, ఇది బయటి నుంచి వచ్చింది అని. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే కింద అన్‌బ్లాక్ అనే చిన్న గడి ఉండేది ఆ చీటీ కోసమే. అలా వచ్చిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో మాక్రోలు వాటంతట అవే నడవకుండా 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఆపుతున్నది కూడా ఆ చీటీ చూసే. దాని వల్ల ఒక లాభం ఉంది. మొత్తం సెక్యూరిటీ ఆపక్కర్లేదు. ఆ ఒక్క ఫైలు మీది చీటీ చింపితే సరిపోతుంది.

నాన్న మాత్రం నా మాట మీద చింపలేదు. ఫోన్ చేసి నా గొంతు విని, ఫైలు పేరు, సైజు రెండూ నా చేత చెప్పించుకుని అప్పుడు చింపారు. కొట్టులో అరువు ఇచ్చేటప్పుడు కూడా ఆయన అంతే, మనిషి తెలిసినా చీటీ మీద సంతకం పెట్టించుకుంటారు.

కాపలాదారు కరెక్టే అయిన రోజు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మంచి ఫైళ్లకి పడిన అడ్డంకులు. అందుకే జనానికి ఒక నమ్మకం కుదిరిపోయింది: బ్లాక్ అంటే చాదస్తం, తోసుకుని వెళ్లడమే. మోసగాళ్లు బతికేది ఈ నమ్మకం మీదే.

మిర్చి అమ్మిన డబ్బులు బ్యాంకులో పడ్డ వారం, ఊరి నుంచి మా మావయ్య ఫోన్ చేశాడు.

"అమ్మడూ, బండికి చలానా పడిందంట. మెసేజ్ వచ్చింది. రసీదు డౌన్‌లోడ్ చేద్దామంటే ఏదో అడ్డు పెడుతోంది. ఆ అడ్డు ఎట్టా తియ్యాలో చెప్పు."

"ఏం రాసుంది మావయ్యా, చదువు."

"ఇంగ్లీషులో ఉందమ్మా. ఫైల్ మైట్ బీ హార్మ్‌ఫుల్ అంట. కింద డౌన్‌లోడ్ ఎనీవే అని ఉంది. అది నొక్కనా?"

"నొక్కకు. ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఏముంది? ఒక్కో అక్షరం చెప్పు."

"ఏ... పీ... కే."

చలానా ఒక కాగితం. కాగితం అయితే పీడీఎఫ్‌గా రావాలి, ఫొటోగా రావాలి. ఏపీకే అంటే ఫోన్లో దిగి కూర్చునే యాప్. రసీదుకి యాప్ ఎందుకు? ఇలాంటివి ఫోన్లోకి దూరగానే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతాయి. అది ఇచ్చామా, బ్యాంకు పంపే ఓటీపీ మనకంటే ముందు వాళ్లకి చేరుతుంది. చలానాలు, పెళ్లి శుభలేఖలు, పథకాల జాబితాలు, కేవైసీ, వేషం ఏదైనా లోపలుండేది ఇదే.

ఇదంతా చెప్పేసరికి మావయ్యకి విసుగొచ్చింది. "ఫైన్ కట్టకపోతే రేపు బండి ఆపుతారు. నీకు తెలీకపోతే తెలీదని చెప్పమ్మా, పక్కింటి కుర్రాడు ఒక్క నిమిషంలో చేస్తాడు."

నేను ఫోన్ పెట్టేయలేదు, ఆయన్నీ పెట్టనివ్వలేదు. "చలానా ఉందో లేదో ముందు చూద్దాం, ఉంటే నేనే కడతా" అన్నా. మెసేజ్‌లో వచ్చిన లింకు వదిలేసి, నా లాప్‌టాప్‌లో నేనే పరివాహన్ ఈ-చలానా సైటు తెరిచి, ఆయన బండి వివరాలు అడిగి కొట్టా. ఒక్క చలానా కూడా లేదు.

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "మరి నా బండి నంబరు వాళ్లకెట్టా తెలుసు?" అన్నాడు. మెసేజ్ మళ్లీ చదవమన్నా. అందులో బండి నంబరే లేదు. "మీ వాహనం" అని మాత్రమే ఉంది.

పండక్కి ఊరెళ్లినప్పుడు ఆయన ఫోన్ తీసుకుని చూశా. తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి క్రోమ్‌కి ఆన్‌లోనే ఉంది. ఎప్పుడో సినిమాలు చూసే యాప్ ఒకటి ఎక్కించడానికి పక్కింటి కుర్రాడు ఆన్ చేశాడట. ఆ యాప్ పనిచేయక తీసేశారు. అనుమతి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతి ఒక్కో యాప్‌కి విడివిడిగా ఇవ్వాలి. మనం ఆఫ్ చేసేదాకా అది ఉంటుంది. అంటే ఆ రోజు మావయ్య ఆ హెచ్చరికని తోసేసి ఉంటే, దాని వెనకాల ఉండాల్సిన కాపలాదారుల్లో ఒకరిని ముందే ఇంటికి పంపేసినట్టు. మిర్చి డబ్బుకీ దొంగకీ మధ్య మిగిలింది చాలా తక్కువ.

ఆ కుర్రాడిది చెడ్డ ఉద్దేశం కాదు. అడ్డం తీయమన్నారు, తీశాడు. మళ్లీ పెట్టమని ఎవరూ అడగలేదు.

అడ్డం తీసే ముందు

అందుకే నాకు ఫోన్ చేసేవాళ్లందరితో ఇప్పుడు ఇదే వరస పాటిస్తున్నా. మీ ఇంట్లో కస్టమర్ కేర్ మీరే అయితే మీకూ పనికొస్తుంది.

మొదట, చదవడం. క్రోమ్‌లో డౌన్‌లోడ్స్ జాబితా తెరిస్తే ప్రతి ఫైలు కింద కారణం ఉంటుంది. నెట్‌వర్క్ ఎర్రర్ అంటే కనెక్షన్ తెగింది, మళ్లీ ప్రయత్నించండి. ఫర్బిడెన్ అంటే సర్వరే ఇవ్వనంటోంది, లాగౌట్ చేసి లాగిన్ అవ్వండి. నో ఫైల్ అంటే అక్కడ ఆ ఫైలే లేదు, లింకు పాతది. ఇన్‌సఫిషియంట్ పర్మిషన్స్ అంటే మీరు దాచబోతున్న ఫోల్డర్లో రాసే హక్కు లేదు, వేరే ఫోల్డర్ ఎంచుకోండి. వైరస్ డిటెక్టెడ్ అంటే అక్కడితో ఆగండి.

ఏ మాటా రాకపోతే పాప్-అప్ గుర్తు కోసం చూడండి. ఒకే సైటు నుంచి రెండు మూడు ఫైళ్లు వరసగా దించుతుంటే, మల్టిపుల్ డౌన్‌లోడ్స్‌కి అనుమతి అడిగిందేమో చూడండి. ఒకసారి పొరపాటున బ్లాక్ అని నొక్కితే ఆ సైటుకి అదే గుర్తుపెట్టుకుంటుంది, సైట్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. అయినా కాకపోతే ఇన్‌కాగ్నిటోలో ప్రయత్నించండి. అక్కడ ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచేయవు. ఫైలు వచ్చిందంటే, అడ్డం పడింది మీరు పెట్టుకున్న ఏదో ఎక్స్‌టెన్షనే కావచ్చు.

ఫైలు మీదే అనుమానం ఉంటే వైరస్‌టోటల్ సైటులో పరీక్షించచ్చు. చాలా యాంటీవైరస్‌లు ఒకేసారి చూసి చెప్తాయి. అయితే ఆధార్, మార్కుల మెమో, జీతం స్లిప్పు లాంటి సొంత కాగితాలు అక్కడ పెట్టద్దు, ఆ సైటుకి ఇచ్చిన ఫైళ్లని ఇతర సంస్థలు కూడా చూసే వీలుంది.

ఫైలు పంపింది తెలిసినవాళ్లే అయినా, వచ్చిన దారిలోనే తిరిగి అడగద్దు. వాట్సాప్‌లో వస్తే ఫోన్ చేసి అడగండి. వాళ్ల వాట్సాప్ ఇంకొకరి చేతిలో ఉంటే, "నువ్వే పంపావా" అన్న మీ మెసేజ్‌కి "అవును" అని జవాబిచ్చేది దొంగే. ఒకవేళ నొక్కడం అయిపోయి డబ్బు పోతే, సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. అక్కడ ప్రతి నిమిషం విలువైందే.

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైనది. ఆపింది ఎవరో తెలిశాక ఆ ఒక్కరినే, ఆ ఒక్క ఫైలు కోసమే పక్కకి జరగమనండి. పని అయ్యాక మళ్లీ నిలబెట్టండి.

ఈ వారాంతం ఇంటికెళ్తే అమ్మానాన్నల ఫోన్ ఒకసారి చేతిలోకి తీసుకోండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతకండి. వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్, ఏది ఆన్‌లో ఉన్నా ఆఫ్ చేసేయండి. రెండు నిమిషాల పని. ఎవరు, ఎందుకు, ఎప్పుడు ఆన్ చేశారో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.